చెట్టుకు మెట్ల కర్రలు కట్టడానికి పట్టీ మంచిదా, తాడు మంచిదా?

ప్రాణహిత_రైతు

మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ వైపు పల్లె. పొలం గట్టున ఉన్న పాత ఇప్పచెట్టు మీద మంచె వేసుకుని పంటకు కాపలా కాస్తాం. అడవిపందులు వస్తే డబ్బా వాయించి, కేకలేసి తరుముతాం. అమెరికాలో ఉండే మా బావమరిది పోయినేడు వచ్చినప్పుడు నాలుగు క్లైంబింగ్ స్టిక్స్ ఇచ్చి వెళ్లాడు. పెన్సిల్వేనియాలో లైసెన్సు తీసుకుని, సీజన్‌లో విల్లుతో తెల్లతోక జింకల వేటకు వెళ్లేవాళ్లు వీటితోనే చెట్టెక్కుతారట. అల్యూమినియం కర్రకు రెండు పక్కలా అడుగు పెట్టే మెట్లు, వెనక చెట్టును పట్టుకునే బ్రాకెట్లు ఉంటాయి. ఒకదాని పైన ఒకటి కట్టుకుంటూ పైకి పోవాలి.

వాటితో వచ్చిన కట్లు అంగుళం వెడల్పు పట్టీలు, క్యామ్ బకిల్‌తో (స్ప్రింగు మీద ఉండి పట్టీని పళ్లతో కరిచి పట్టే బకిల్). వానాకాలమంతా చెట్టుకే వదిలేశాను. దీపావళి ముందు ఎక్కబోతే రెండో కర్ర కాలి కింద కదిలింది. దిగి చూస్తే పట్టీ రంగు వెలిసిపోయి ఉంది. బకిల్ పళ్లు కరిచే చోట దారాలు పైకి లేచాయి. అక్కడ వేటగాళ్లలో కూడా కొందరు పట్టీలు తీసేసి తాడుకు మారారని బావమరిది ఫోన్లో చెప్పాడు. బకిల్ కర్రకు తగిలి టంగుమంటే జింక పారిపోతుందని వాళ్ల బాధ. మాకు ఆ చప్పుడుతో పని లేదు, మనిషి పడకుండా ఉంటే చాలు. నాన్న తాడే అంటాడు, కొడుకు పట్టీయే అంటాడు. నా మనసు తాడు మీదే ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

నల్లమద్ది

అన్నా, తప్పు పట్టీది కాదు. వానకూ ఎండకూ నాలుగు నెలలు వదిలేయడం తప్పు. అమెరికాలో చెట్టు మంచెలు తయారుచేసేవాళ్ల సంఘం కూడా రెండు వారాలకు మించి చెట్టుకు ఉంచొద్దనే చెబుతుంది. చెట్టు లావెక్కుతుంది, పట్టీ బెరడులోకి దిగుతుంది, ఉడత కొరుకుతుంది. తాడు కట్టినా ఇవన్నీ జరిగేవే.

నేను పట్టీ అనడానికి కారణం ఒక్కటే. పట్టీ ఎవరు బిగించినా ఒకేలా బిగుస్తుంది. ముడి అలా కాదు, వేసిన చేతిని బట్టి ఉంటుంది. నీకు ముడి వచ్చు, మీ నాన్నకు ఇంకా బాగా వచ్చు. రాత్రి తొమ్మిదింటికి టార్చి నోట్లో పెట్టుకుని నీ కొడుకు కడితే? చలిలో వేళ్లు కొంకర్లు పోయినప్పుడు కడితే? పట్టీని లాగి, బకిల్ వదిలితే పళ్లు కరుస్తాయి. వెడల్పుగా ఉంటుంది కాబట్టి లేత బెరడును కోయదు కూడా.

ఇంకోటి. నీ కర్రకున్న బొత్తం పట్టీ కొస తగిలించడానికి చేసింది. పొట్టిగా ఉంటుంది. దాని మీద తాడు నాలుగు చుట్లు చుడితే పై చుట్టు జారి బయటికి వచ్చేస్తుంది. తాడు కోసం చేసిన కర్రలకు కొమ్ముల్లా రెండు వైపులా పొడుగు ఉంటుంది. ముందు అది చూసుకో.

తాటివనం

నది ఇవతల, తెలంగాణ ఒడ్డు నుంచి రాస్తున్నాను. మూడు తరాలుగా మాది గీత వృత్తి. మోకు మీద బతికిన ఇల్లు మాది. అందుకే తాడు గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఏమనుకోకండి.

తాడంటే అన్నీ ఒకటి కాదు. సంతలో దొరికే నీలం ప్లాస్టిక్ తాడు ఒక ఎండాకాలం ఉంటే చాలు, రుద్దితే చేతికి పొడి అంటుకుంటుంది. దాన్ని నమ్మి ఎక్కొద్దు. నైలాన్ బలమైనదే, కానీ సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది, బలం కూడా కొంత తగ్గుతుంది. సాయంత్రం బిగించిన కర్ర తెల్లవారి మంచుకు వదులైతే ఆ తప్పు నైలాన్‌దే. నార తాడుది ఇంకో గుణం. వానకు నులక మంచం ఎలా బిర్రుగా అవుతుందో అందరికీ తెలుసు, ఎండితే మళ్లీ కుంగుతుంది. చెట్టు మీదా అదే జరుగుతుంది. కర్రలు కట్టడానికి పాలిస్టర్ తాడు పెట్టండి. తక్కువ సాగుతుంది, ఎండను ఓర్చుకుంటుంది.

వేటవాళ్లు వాడే డైనీమా (ఒక రకం కృత్రిమ పీచు) తాడు గురించి మీ బావమరిది చెప్పే ఉంటాడు. సన్నగా ఉన్నా చాలా బలం, దాదాపు సాగదు. అయితే నున్నగా ఉంటుంది, మామూలు ముడి దాని మీద జారిపోతుంది. నిప్పు సెగ తగిలితే తొందరగా కరుగుతుంది. కర్రకు వాడుకోవచ్చు గానీ, నడుముకు కట్టుకునే తాడుగా మాత్రం వద్దు. సాగని తాడు మీద మనిషి పడితే ఆ జర్కు మొత్తం వెన్నుకే తగులుతుంది.

నల్లమద్ది తమ్ముడు ముడి గురించి అన్నది నిజమే. కానీ నా వైపు ఒక మాట ఉంది. తాడు పాడైతే వేలికి తెలుస్తుంది. ఒక కొస నుంచి ఇంకో కొసదాకా మూసిన కళ్లతో తడుముకుంటూ పోతే, పీచు లేచిన చోట, గట్టిపడిన చోట వేలు ఆగుతుంది. మా నాన్న ప్రతి పొద్దున మోకును అలాగే చూసుకునేవాడు. బకిల్ లోపల ఏముందో ఎవరికి తెలుస్తుంది? ఇసుక రేణువు దూరి స్ప్రింగు సగమే మూసుకున్నా పైకి బాగానే కనిపిస్తుంది.

కొత్తపేరు

ఒక సందేహం. ఇది వేట గురించా? మన దగ్గర నేరం కదా?

ప్రాణహిత_రైతు

అవును, నేరమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తుపాకీకీ విల్లుకూ తేడా చూడదు, ఉచ్చుకూ కరెంటు తీగకూ అంతే. మేము కాపలా మాత్రమే కాస్తాం. పంట పోతే పంచనామా చేయించి అటవీ శాఖకు అర్జీ పెట్టుకుంటాం. నా ప్రశ్న కట్టు గురించే.

తాటివనం అన్నా, మీ మాట చదివి ఈ రోజు రెండూ కట్టి చూశాను. ఒకే ఇప్పచెట్టుకు పక్కపక్కనే, ఒక కర్రకు కొత్త పట్టీ, ఇంకోదానికి ఎనిమిది మిల్లీమీటర్ల పాలిస్టర్ తాడు. రెండిటి కట్టు దగ్గర సుద్దతో గీత గీశాను. ఒక్కో కర్ర మీద నేల నుంచి అడుగు ఎత్తులోనే నిలబడి, ఇరవై సార్లు కుదిపి ఎక్కి దిగాను. పట్టీ గీత దాటి సుమారు అర అంగుళం జారింది. తాడు మొదటి మూడు సార్లకు కొంచెం సర్దుకుని తర్వాత కదలలేదు. అయితే నల్లమద్ది చెప్పిందే జరిగింది, బొత్తం మీద పై చుట్టు అంచుకు వచ్చేసింది. నాకు భయం వేసింది.

నల్లమద్ది

పట్టీ జారింది మొదటి బిగింపు వల్ల. బిగించాక కర్రను కాలితో కిందికి గట్టిగా తొక్కాలి. బ్రాకెట్ బెరడులో కూర్చుంటుంది, అప్పుడు పట్టీ వదులవుతుంది. మళ్లీ లాగాలి. చాలామంది ఈ రెండో లాగుడు మరిచిపోతారు. ఇంకోసారి చేసి చూడు అన్నా.

చెట్టును బట్టి కూడా మారుతుంది. నా పేరే నల్లమద్ది, దాని బెరడు మొసలి వీపులా గళ్లుగళ్లుగా ఉంటుంది. పట్టీ ఆ గట్ల పైనే ఆనుతుంది, గట్టు చిట్లితే పట్టీ వదులు. అలాంటి చెట్టుకు తాడే మేలని ఒప్పుకుంటాను, అది పగుళ్లలోకి దిగుతుంది. నది ఒడ్డున తెల్లమద్దికి మాత్రం ఏది కట్టినా జాగ్రత్త. బెరడు పొరలుగా ఊడి కర్రతో సహా చేతికొస్తుంది.

తాటివనం

రెండో లాగుడు మాట మంచి మాట, నాకు తెలియదు.

ప్రాణహిత_రైతు తమ్ముడూ, బొత్తం పొట్టిగా ఉంటే ఆ కర్రకు తాడు వద్దు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. పట్టీలు కొత్తవి వేసి, పంట కోతయ్యాక విప్పి ఇంట్లో పెట్టు. అంతకన్నా ముందు చేయాల్సింది ఒకటుంది. నువ్వు ఎన్ని కర్రలు కట్టినా, కట్టేటప్పుడు నీ ఒంటికి ఏముంది? మా దగ్గర 2024లో కాటమయ్య రక్షణ కవచం పేరుతో ప్రభుత్వం గీత కార్మికులకు కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అందులో నడుము, తొడలు పట్టే బెల్టు, తాళ్లు ఉన్నాయి. మొదట్లో బరువని మా వాళ్లు కూడా విసుక్కున్నారు. ఇప్పుడు మా తమ్ముడు అది లేకుండా చెట్టు ముట్టుకోడు. ఒళ్లంతా పట్టే హార్నెస్ (రక్షణ బెల్టు) ఒకటి కొనుక్కో. పై కొమ్మ నుంచి నేల దాకా ఒక తాడు వేలాడదీసి, ఇంకో తాడు ముక్కతో దాని చుట్టూ ప్రూసిక్ ముడి (చేత్తో జరిపితే జరిగే, బరువు పడితే కరిచే ముడి) వేసి, దాన్ని హార్నెస్‌కు తగిలించుకుని, నువ్వు ఎక్కుతుంటే ఆ ముడిని పైకి జరుపుకుంటూ వెళ్లు. కాలు జారితే ముడి బిగుసుకుంటుంది. కాలు పెట్టి నిలబడడానికి తాడు ఉచ్చు ఒకటి జేబులో ఉంచుకో. హార్నెస్‌లో కదలకుండా వేలాడితే కాళ్లలో రక్తం ఆగిపోతుంది, కాలు మోపుకోవడానికి ఆసరా కావాలి.

ప్రాణహిత_రైతు

హార్నెస్ లేదన్నా. ఇన్నాళ్లూ నడుముకు తువ్వాలు చుట్టుకుని ఎక్కాను.

పాత పట్టీలు నాలుగూ కోసి పారేశాను, కొడుకు మళ్లీ తీసి కట్టకుండా ముక్కలు చేశాను. సోమవారం మంచిర్యాల పోతున్నాను, హార్నెస్ రెండు తెస్తాను, ఒకటి వాడికి. అంతదాకా కాపలా కిందనే, నెగడు వేసుకుని. ప్రూసిక్ ముడి కోసం ఎంత లావు తాడు తేవాలో చెప్పండి, పైనుంచి వేలాడదీసేది పన్నెండు మిల్లీమీటర్లది ఉంది.

తాటివనం

పెద్ద తాడు కన్నా సన్నగా ఉండాలి, అప్పుడే కరుస్తుంది. పన్నెండుకు ఎనిమిది తెచ్చుకో, మెత్తనిది. ముందు నేలకు దగ్గరగానే వేలాడి చూడు, జారితే ఇంకో చుట్టు వెయ్యి. ఫోటో పెట్టు, ముడి చూస్తాను.