పాత ఆండ్రాయిడ్ ఫోన్లను వదిలేయాలా, మోయాలా? పాల కేంద్రాల యాప్ విషయంలో తేల్చుకోలేకపోతున్నాం

పాలచీటీ:
మేం ముగ్గురం కలిసి పల్లెటూళ్ల పాల కేంద్రాల కోసం ఒక యాప్ నడుపుతున్నాం. పొద్దున, సాయంత్రం పాలు పోసేటప్పుడు కాటా నుంచి బరువు, మెషిన్ నుంచి వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాకుండా పాలలో ఉండే ఘనపదార్థాల శాతం) బ్లూటూత్‌లో యాప్‌కి వస్తాయి. యాప్ రేటు కట్టి చిన్న ప్రింటర్‌లో చీటీ తీస్తుంది. ఇన్నాళ్లూ 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5 నుంచి అన్నింట్లో పనిచేసేలా చూసుకుంటూ వచ్చాం. ఇప్పుడు మా పార్ట్‌నర్ కనీసం ఆండ్రాయిడ్ 8 ఉండాలని పెడదాం, 2017కి ముందు వెర్షన్లు ఇక మన వల్ల కాదు అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. పాత ఫోన్లున్నవి కొద్ది కేంద్రాలే, నిజమే. కానీ ఒక్కో కేంద్రంలో ఫోన్ ఒక్కటే, దాని వెనక డెబ్భై ఎనభై ఇళ్ల పాల లెక్క ఉంటుంది. యాప్ ఎన్ని ఫోన్లలో ఉందో చూపే ప్లే స్టోర్ కన్సోల్‌లో మాత్రం అది ఒక్క డివైజ్. మీరైతే ఏం చేస్తారు?

బిల్డ్_బాబు:
వదిలేయండి అన్నా. మీ పార్ట్‌నర్ చెప్పిందే కరెక్ట్. వాట్సాప్ అంతటి పెద్ద టీమే ఆండ్రాయిడ్ 4ని వదిలేసింది, ముగ్గురు మనుషులు ఎంతని మోస్తారు? నేను మోసి చూశాను కాబట్టి చెప్తున్నా. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్ (సర్వర్ అసలుదేనని ఫోన్‌కి చూపేది) వాడే సర్వర్ ఉంది మాకు. దాన్ని నమ్మడానికి ఫోన్లో ముందే ఉండాల్సిన పాత రూట్ సర్టిఫికెట్ గడువు 2021 సెప్టెంబర్ 30న అయిపోయింది, కొత్త రూటేమో ఆండ్రాయిడ్ 7.1.1 కంటే పాత ఫోన్లలో ఉండదు. వాళ్లు పాత ఫోన్ల కోసం ఒక ఏర్పాటు చేసి ఇంకొన్నాళ్లు నెట్టుకొచ్చారు, 2024లో అదీ ముగిసింది. దాంతో సర్వర్ బాగానే ఉంది, కొత్త ఫోన్లలో యాప్ బాగానే ఉంది, పాత ఫోన్లలో మాత్రం కనెక్ట్ కాదు. కారణం తెలియడానికే నాలుగు రోజులు పట్టింది, ఆ నాలుగు రోజులూ నాకు నిద్ర లేదు. చివరికి రూట్ సర్టిఫికెట్ యాప్ లోపలే పెట్టి గట్టెక్కాం. ఇలాంటివి ఇంకా వస్తూనే ఉంటాయి.

సందేహం88:
ప్లే స్టోరే ఏటా కొత్త వెర్షన్‌కి మారమంటోంది కదా, అంటే పాతవి ఎలాగూ పోతాయిగా?

పాలచీటీ:
అది టార్గెట్ ఎస్‌డీకే అండీ, అంటే యాప్‌ని ఏ ఆండ్రాయిడ్ వెర్షన్‌కి తగ్గట్టు తయారుచేశామో చెప్పే నంబర్. ప్లే స్టోర్ అడిగేది దాన్నే. ఎంత పాత ఫోన్ దాకా యాప్ ఇవ్వాలన్నది మినిమమ్ ఎస్‌డీకే, అది మన ఇష్టం. ఈ రెండూ కలిపేసి చాలామంది అక్కర్లేకుండానే పాత ఫోన్లు వదిలేస్తున్నారు.

టెస్టర్_అక్క:
పదేళ్లుగా టెస్టింగ్‌లో ఉన్నాను. ఆండ్రాయిడ్ నంబర్ పట్టుకుని కొట్టుకుంటున్నారు గానీ, నన్ను ఏడిపించింది ఎక్కువగా కొత్త ఫోన్లే. ఒకే ఆండ్రాయిడ్ వెర్షన్ ఉన్న రెండు కంపెనీల ఫోన్లు పక్కపక్కన పెట్టి చూడండి, ఒకదాంట్లో రాత్రి డేటా సర్వర్‌కి వెళ్తుంది, రెండోదాంట్లో బ్యాటరీ మిగల్చాలని ఫోనే యాప్‌ని చంపేస్తుంది. సెట్టింగ్స్‌లో యాప్‌ని దానంతటదే నడవనిచ్చే ఆటోస్టార్ట్ ఎక్కడుందో వెతికి ఆన్ చేయమని పాల కేంద్రం ఆవిడకి ఫోన్‌లో ఎలా చెప్తారు? ఏ కంపెనీ ఫోన్లో ఏం మార్చాలో చెప్పడానికే 'డోంట్ కిల్ మై యాప్' అని ఒక సైట్ నడుస్తోందంటే ఈ బాధ ఎంతమందిదో చూడండి.

బ్లూటూత్ సంగతీ అంతే. ఆండ్రాయిడ్ 6 నుంచి 11 దాకా చుట్టుపక్కల కాటా ఎక్కడుందో వెతకాలంటే లొకేషన్ పర్మిషన్ అడగాలి, 12 నుంచి దానికి వేరే పర్మిషన్ వచ్చింది, 5లో అసలు ఆ ప్రశ్నే అడగదు. పాలు తూచడానికి మా ఊరు ఎందుకు చెప్పాలి అని ఒక పెద్దాయన నన్ను నిలదీశాడు, ఆయన అడిగింది న్యాయమే.

ఇంకొకటి, ఇది మన తెలుగువాళ్లు తప్ప ఎవరూ పట్టించుకోరు. డిజైనర్ ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయేలా వరుస ఎత్తు కట్టేస్తాడు, పైనా కిందా ఖాళీ తీసేస్తాడు. ఫోన్లో అక్షరాల సైజు పెద్దది పెట్టుకున్న వాళ్ల దగ్గర కింద వత్తులు తెగిపోతాయి. లక్ష్మి కాస్తా లక్షి అవుతుంది. ఫోన్ కంపెనీ సొంత ఫాంట్ వేసుకుంటే ఇంకో రకంగా తెగుతుంది. చీటీ మీద పేరు తప్పుంటే ఆ ఇంటివాళ్లు డబ్బులు కూడా తప్పే అనుకుంటారు. కాబట్టి తెలుగు ఫాంట్ యాప్‌లోనే పెట్టండి, ఎత్తు ఎక్కడా బిగించకండి. పాత ఫోన్లు తీసేసినంత మాత్రాన వీటిలో ఒక్కటీ పోదు.

బిల్డ్_బాబు:
అక్కా, మీరన్నవన్నీ నిజమే. కానీ అందుకే కదా అంటున్నది, కొత్త ఫోన్లతోనే ఇంత పని ఉంటే పాతవాటికి టైమ్ ఎక్కడిది? పైగా ఇందులో డబ్బుల లెక్క ఉంది. ఆ ఫోన్లకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయి ఏళ్లయింది, ఎవడైనా లోపలికి దూరి రేట్లు మార్చేస్తే జవాబు ఎవరు చెప్తారు?

గేదెలవాళ్లబ్బాయి:
మా అమ్మ పాల కేంద్రం చూస్తుంది, అందుకే రాస్తున్నా. బాబు గారి భయం అర్థమైంది, కానీ రేట్లు ఫోన్లో కాకుండా సర్వర్‌లో లెక్కగట్టి సరిచూస్తే ఆ దారి మూసుకుపోతుంది కదా. మా కేంద్రంలో వాడే ఇంకో యాప్ ఒకరోజు పొద్దున్నే, ముందు ఒక్క మాట చెప్పకుండా, 'ఈ ఫోన్ సపోర్ట్ లేదు' అని చూపించింది. అప్పటికే క్యాన్లు పట్టుకుని జనం వరుసలో ఉన్నారు. అమ్మ పిల్లల నోట్‌బుక్కులో రాసుకుంది, పదిహేను రోజుల బిల్లు వచ్చేసరికి రెండు ఇళ్లవాళ్లతో గొడవ. కొత్త ఫోన్ కొనడానికి మాకు అభ్యంతరం లేదు. ఎప్పటిలోగా కొనాలో, కాటాకి, ప్రింటర్‌కి కలిసే ఫోన్ ఏదో చెప్పండి చాలు.

పాలచీటీ:
ఈ ఒక్క పోస్ట్ మా పార్ట్‌నర్‌కి చదివి వినిపించాను. రాత్రి కూర్చుని ఒక మాటకొచ్చాం. కొత్త ఫీచర్లు ఆండ్రాయిడ్ 8 నుంచే ఇస్తాం. పాత ఫోన్లలో ఇప్పుడున్న వెర్షన్ అలాగే ఉంటుంది, అది పంపే లెక్కని సర్వర్ ఇంకో ఏడాది తీసుకుంటుంది, సర్టిఫికెట్ సంగతి కూడా అందులోనే సరిచేసి చివరి అప్‌డేట్ ఇస్తాం. ఆగిపోయే తేదీ ఇప్పటి నుంచే తెలుగులో తెర మీద కనిపిస్తుంది, కేంద్రాలకి మేమే ఫోన్ చేసి చెప్తాం. రేట్ల లెక్క సర్వర్‌కి మారుస్తున్నాం. కాటాతో, ప్రింటర్‌తో మేం స్వయంగా కలిపి చూసిన ఫోన్ల జాబితా ఈ నెలలోనే పెడతాం.

బిల్డ్_బాబు:
ఏడాది ఎక్కువ అన్నా, ఆరు నెలలు చాలు. నా మాట మీదే ఉన్నాను.

పాలచీటీ:
ఆరు నెలలంటే మళ్లీ ఎండాకాలంలో పడుతుంది, అప్పుడు పాలు తగ్గి చేతిలో డబ్బులుండవు, ఫోన్ కొనమని ఆ టైమ్‌లో చెప్పలేను. ఎవరి దగ్గరైనా ఆండ్రాయిడ్ 5, 6 ఫోన్ పనిచేసేది మూలన పడి ఉంటే చెప్పండి, టెస్టింగ్‌కి కొంటాం. స్క్రీన్ పగిలినా పర్లేదు, బ్లూటూత్ మాత్రం పనిచేయాలి.