ర్యాంప్‌కు జాగా చాలని ఫుట్‌పాత్‌ల మీద ఏం చేస్తరు?

హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల ఫుట్‌పాత్‌లు వీల్‌చైర్‌కు పనికొస్తయా అని కాలేజీ పిల్లలతో కొలిపించి, వార్డు యువత కమిటీ ద్వారా మున్సిపల్ ఇంజినీర్లకు ఇద్దామని ఆలోచన. 2019 మున్సిపాలిటీల చట్టంలో ఆ కమిటీకి చోటుంది.

కొలిచేవి మూడే: అడ్డు లేని వెడల్పు (1.8 మీటర్లు ఉండాలె), అంచు ఎత్తు (150 మిల్లీమీటర్లు దాటొద్దు), ర్యాంప్ వాలు (1:12, అంటే ఒక వంతు ఎత్తుకు పన్నెండు వంతుల పొడవు). వాలుకు 1.2 మీటర్ల పట్టీ, స్పిరిట్ లెవెల్ చాలు. పట్టీ ఒక కొన ర్యాంప్‌కు ఆనించి సమంగా పట్టుకుంటే, రెండో కొన కింద ఖాళీ 100 మిల్లీమీటర్లు మించొద్దు. తారు మీద తారు వేస్తే అంచు ఎత్తు మారుతది, కాబట్టి తేదీ రాయని కొలత దండగ.

చిక్కంతా ఇక్కడే. 150 మిల్లీమీటర్ల అంచుకు ర్యాంప్ 1.8 మీటర్లు కావాలె. అడ్డంగా కడితే ఫుట్‌పాత్ మొత్తం అదే మింగేస్తది. రోడ్డు మీదికి దింపితే వాననీళ్లు ఆగుతయి, బండ్లు తగుల్తయి. ఫుట్‌పాత్‌నే నడిచే దిక్కు రెండువైపులా దించుడు నయం, కానీ షాపుల మెట్లు అడ్డమొస్తయి.

ఇసొంటి చోట కట్టించినోళ్లు ఉన్నారా? డ్రైనేజీ మూతల మీదుగా దింపితే మూతలు నిలుస్తయా? ఎస్టిమేట్ వేయాలంటే ఫొటో, కొలతలు సరిపోతయా, స్కెచ్ కూడా అడుగుతరా?