నిపా మాక్ డ్రిల్: కాంటాక్ట్ ఫాలో-అప్‌కి ఎక్సెల్ షీట్ సరిపోతుందా, గో.డేటా సాఫ్ట్‌వేర్ పెట్టాలా?

జిల్లా_డేటా:
నిపా మాక్ డ్రిల్‌కి ప్లాన్ వేస్తున్నాం. ఒక కేసు (నిపా వైరస్ సోకిన మనిషి), 300 మంది కాంటాక్టులు (ఆ మనిషిని కలిసినవాళ్లు), 6 టీములు, 21 రోజుల ఫాలో-అప్ అనుకున్నాం. ఏఎన్ఎంలు, ఆశాలు ఫోన్లో నింపాలి. కొన్ని తండాల్లో సిగ్నల్ ఉండదు. కేసు ఎలాగూ ఐహెచ్ఐపీలో (జబ్బులపై నిఘాకి ప్రభుత్వం పెట్టిన పోర్టల్) ఎక్కుతుంది కదా, కాంటాక్టులకి విడిగా ఇంకో టూల్ కావాలా? కోవిడ్ అప్పటి ఆరోగ్య సేతు లాంటి, దగ్గరికొచ్చిన ఫోన్లను గుర్తుపెట్టుకునే బ్లూటూత్ యాప్ సరిపోదా అని కూడా అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?

లైన్‌లిస్ట్_మాస్టారు:
ఐహెచ్ఐపీ పని వేరండి. సబ్‌సెంటర్ నుంచి ఎస్ ఫారం (అనుమానం ఉన్నవి), డాక్టర్ల నుంచి పీ (ఆ జబ్బే కావచ్చనుకున్నవి), ల్యాబ్ నుంచి ఎల్ (పరీక్షలో తేలినవి) వస్తాయి. ఏ జబ్బు ఎక్కడ పెరుగుతోందో పట్టుకోవడానికి అది. ఒక్కో మనిషి దగ్గరికి 21 రోజులు రోజూ వెళ్లి జ్వరం ఉందా లేదా అని రాసుకోవడానికైతే గో.డేటా మేలు. డబ్ల్యూహెచ్ఓ ఉచితంగానే ఇస్తుంది. సర్వర్ మీ దగ్గరే పెట్టుకోవచ్చు. మొబైల్ యాప్ సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది, నెట్ వచ్చాక సింక్ కొట్టాలి.

ముందు లొకేషన్లు ఎక్కించండి: జిల్లా, మండలం, గ్రామం. తర్వాత అవుట్‌బ్రేక్ (ఈ వ్యాప్తి మొత్తానికి ఒక ఫైలు లాంటిది) తెరిచి ఫాలో-అప్ 21 రోజులు, రోజుకి ఒకసారి అని పెట్టండి. ఏ టీముకి ఏ మండలాలో అప్పగించి, ఆ తర్వాతే కేసు, దాని కింద కాంటాక్టులు. అప్పుడు ఫాలో-అప్‌లు జనరేట్ చేస్తే ఎవరు ఏ ఇంటికి వెళ్లాలో జాబితా వస్తుంది. అడ్రస్‌లో గ్రామం ఖాళీగా వదిలేస్తే ఆ మనిషి ఏ టీముకీ చేరడు. డ్రిల్‌లో కావాలనే అలాంటివి ఓ పది కలిపి, ఎవరైనా కనిపెడతారేమో చూడండి.

రోజుల లెక్క మాత్రం జాగ్రత్త. చివరిసారి కేసును కలిసిన రోజు సున్నా. మే 3న కలిస్తే ఫాలో-అప్ మే 24 దాకా. పేరు లిస్టులోకి ఎక్కిన రోజు నుంచి లెక్కపెట్టేవాళ్లే ఎక్కువ, అది తప్పు. మధ్యలో మళ్లీ కలిస్తే ఆ కొత్త తేదీ నుంచి 21. నిపాకి ఇంక్యుబేషన్ (సోకాక లక్షణాలు కనిపించేదాకా పట్టే సమయం) మామూలుగా 4 నుంచి 14 రోజులు కాబట్టి ఈ 21లో కొంత వెసులుబాటు ఉంది, కానీ తేదీయే తప్పైతే అదీ పోతుంది.

డోర్_నంబర్:
షీట్ నుంచి ఇంపోర్ట్ చేసేటప్పుడు మన దగ్గర ప్రత్యేకంగా వచ్చే తలనొప్పి ఇంటి నంబర్లు. 4-5-12 అని కొట్టగానే ఎక్సెల్ దాన్ని తేదీగా మార్చేస్తుంది. 2-10 కూడా అంతే. సేవ్ చేశాక అసలు నంబర్ తిరిగి రాదు. కాబట్టి డేటా కొట్టకముందే ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చాలి. ఫోన్ నంబర్ కాలమ్ కూడా టెక్స్టే. తేదీలు 2025-05-03 పద్ధతిలో, లేకపోతే 03/05 మే 3వ తేదీయో మార్చి 5వ తేదీయో తేలదు. పేర్లు తెలుగులో ఉంటే ఇంపోర్ట్ చేసే సీఎస్వీ ఫైలుని యూటీఎఫ్-8లో (తెలుగు అక్షరాలు చెడకుండా ఉంచే పద్ధతి) సేవ్ చేయండి, లేదంటే అన్నీ ప్రశ్నార్థకాలే.

డూప్లికేట్లు పేరుతో దొరకవు. శ్రీను, శ్రీనివాస్, శ్రీనివాసరావు ముగ్గురూ ఒకరే కావచ్చు, ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. ఫోన్ నంబర్, వయసు, ఊరు మూడూ కలిపి చూడండి. ఇంట్లో నలుగురికీ ఒకే ఫోన్ ఉంటుంది కనుక నంబర్ ఒక్కటే చూసి కలిపేయొద్దు. ఇద్దరు కేసులను కలిసిన మనిషి షీట్‌లో రెండు వరసలవుతాడు, రెండు టీములు ఒకే గడప తొక్కుతాయి. గో.డేటాలో ఒకే రికార్డుకి రెండు ఎక్స్‌పోజర్లు (ఏ కేసును ఎప్పుడు కలిశాడన్న వివరం) తగిలించొచ్చు.

సిగ్నల్_వీక్:
బ్లూటూత్ సంగతి. 100 మందిలో 40 మంది యాప్ వాడితే, కలిసిన ఇద్దరి దగ్గరా యాప్ ఉండే అవకాశం 0.4 × 0.4, అంటే 16 శాతమే. పైగా బ్లూటూత్ గోడలు దాటుతుంది, పక్క గదిలోవాళ్లు కూడా కాంటాక్టులుగా తేలతారు. కోవిడ్ అప్పుడు గూగుల్, యాపిల్ కలిసి తెచ్చిన బ్లూటూత్ పద్ధతిలోనైతే ఆరోగ్య శాఖకి పేర్లే వచ్చేవి కావు. దానికంటే ముఖ్యం, 2018లో కేరళలోని కోళికోడ్‌లో నిపా ఎక్కువమందికి ఆస్పత్రుల్లోనే సోకింది. అక్కడ పనికొచ్చేవి క్యాజువాలిటీ రిజిస్టర్, స్కానింగ్ లిస్టు, డ్యూటీ రోస్టర్, అంబులెన్స్ లాగ్, సీసీటీవీ. పేషెంటుతో వచ్చినవాళ్ల పేర్లు ఏ రిజిస్టర్‌లోనూ ఉండవు, అడిగి రాయాల్సిందే.

జిల్లా_డేటా:
థాంక్యూ అండీ. 6 టీములు సరిపోతాయంటారా?

లైన్‌లిస్ట్_మాస్టారు:
300కి టీముకి రోజుకి 50 ఇళ్లు. దగ్గర దగ్గర ఇళ్లైతే లాగొచ్చు, తండాలకి కష్టం. అసలు చూడాల్సింది కుప్ప ఎంత పెరుగుతుందన్నది. రోజుకి 40 మంది కొత్తవాళ్లు చేరుతూ ఉంటే 21 రోజులకి 840 మంది ఒకేసారి ఫాలో-అప్‌లో ఉంటారు. డ్రిల్‌లో ఈ రెండో లెక్క పెట్టండి. ఇంటికి వెళ్తే మనిషి దొరకలేదా, అసలు టీమే వెళ్లలేదా అన్నది విడివిడిగా మార్క్ చేయించండి. రెండూ "చూడలేదు" అని పడితే మనిషి తప్పించుకుంటున్నాడో, టీముకి బండి లేదో మీకు తెలియదు. లాగిన్ కూడా మనిషికొకటి ఇవ్వండి. టీమంతా ఒకే పాస్‌వర్డ్ వాడితే ఒక ఫోన్ పోయినప్పుడు అందరిదీ ఆపాల్సొస్తుంది.