విండోస్ 2012 ఆర్2 ఫైల్ సర్వర్ నుంచి 2022కి: 4 టీబీ, ఒక్క వారాంతంలో అవుతుందా?

ప్రశ్న (అంబత్తూరు, చెన్నై):
నమస్కారమండీ. ఆఫీసు ఫైల్ సర్వర్ ఇంకా విండోస్ సర్వర్ 2012 ఆర్2 మీదే ఉంది. దానికి సపోర్ట్ 2023 అక్టోబరులోనే ముగిసింది. కొత్త మెషీన్‌లో 2022 వేశాం. డిస్క్ మీద 4 టీబీ, డీడూప్ (ఒకేలా ఉన్న డేటాను ఒక్కసారే దాచి స్థలం మిగిల్చే ఫీచర్) ఆన్, నెట్‌వర్క్ 1 గిగాబిట్. శనివారం సాయంత్రం మొదలుపెడితే సోమవారం 9కల్లా అయిపోతుందా? రోబోకాపీ (విండోస్‌తో వచ్చే కాపీ కమాండ్) సరిపోతుందా?

జవాబు 1:
సరిపోతుంది గానీ మొత్తం కాపీ వారాంతానికి పెట్టుకోకండి. సెకనుకి 100 ఎంబీ వచ్చినా 4 టీబీకి 11 గంటలు. చిన్న ఫైళ్లు లక్షల్లో ఉంటే ఆ స్పీడు రానే రాదు. పైగా రోబోకాపీ డీడూప్ ఫైళ్లను పూర్తి సైజులో చదువుతుంది. పవర్‌షెల్‌లో గెట్-డీడూప్‌స్టేటస్ కొట్టి, సేవ్‌డ్ స్పేస్ (డీడూప్ మిగిల్చిన స్థలం) ఎంతో చూసి 4 టీబీకి కలపండి, కొత్త డిస్క్‌లో కావాల్సింది అంత.

వారం ముందే మొదటి కాపీ ఎక్కించి, రోజూ రాత్రి తేడా మాత్రం సింక్ చేయండి. శనివారం షేర్లు మూశాక చివరి పాస్ ఒక్కటే మిగులుతుంది. రోబోకాపీ స్విచ్‌లు: మిర్ (కొత్తదాన్ని అచ్చం పాతదానిలా చేస్తుంది), కాపీఆల్ (ఫైల్ పర్మిషన్లతో సహా), బి (బ్యాకప్ మోడ్), ఆర్ 1 (మళ్లీ ప్రయత్నం ఒక్కసారే), డబ్ల్యూ 1 (మధ్యలో ఒక్క సెకను ఆగడం), లాగ్. ఆర్, డబ్ల్యూ ఇవ్వకపోతే ఔట్‌లుక్‌లో తెరిచి ఉన్న ఒక్క పీఎస్‌టీ (మెయిల్ ఫైల్) దగ్గరే 30 సెకన్లకోసారి పది లక్షల సార్లు ప్రయత్నిస్తూ ఆగిపోతుంది.

మిర్‌తో జాగ్రత్త. పాతదాంట్లో లేనిదల్లా కొత్తదాంట్లో చెరిపేస్తుంది. సోమవారం జనం కొత్త సర్వర్‌లో పని మొదలెట్టాక రాత్రి టాస్క్ ఇంకా నడిస్తే ఆ రోజు పనంతా పోతుంది. చివరి పాస్ అవగానే ఆ టాస్క్‌ని తీసేయండి.

జవాబు 2:
కాపీ కంటే పర్మిషన్లే ఎక్కువ ఏడిపిస్తాయి. పాత సర్వర్ లోకల్ గ్రూపులకి (ఆ మెషీన్‌లో మాత్రమే ఉండేవాటికి) హక్కులిచ్చి ఉంటే, కొత్తదాంట్లో సెక్యూరిటీ ట్యాబ్‌లో పేరు బదులు ఎస్-1-5-21 అంటూ పొడుగాటి నంబరు కనిపిస్తుంది, ఆ గ్రూపులోవాళ్లకి ఆ ఫోల్డర్ తెరుచుకోదు. ముందే డొమైన్ గ్రూపులకి (ఆఫీసు నెట్‌వర్క్ మొత్తానికి ఉండేవాటికి) మార్చేయండి. షేర్ పర్మిషన్లు (నెట్‌వర్క్ నుంచి షేర్ తెరిచేవాళ్ల హక్కులు) కాపీఆల్‌తో రావు. రిజిస్ట్రీలో లాన్‌మన్‌సర్వర్ కింద షేర్స్ కీ ఎక్స్‌పోర్ట్ చేసి కొత్తదాంట్లో ఎక్కించి, సర్వర్ సర్వీస్ రీస్టార్ట్ చేయాలి. డ్రైవ్ లెటర్లు, పాత్‌లు ఒకటే ఉండాలి.

అన్నట్టు, ఆ వారాంతంలో మీ ఏరియాకి కరెంటు మెయింటెనెన్స్ ఉందేమో చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. సర్వర్ పేరు మారితే ఎక్సెల్ లింకులు తెగుతాయి కదా? జెరాక్స్ మెషీన్ స్కాన్ కూడా అదే ఫోల్డర్‌కి వెళ్తుంది.

జవాబు 3:
పేరు మార్చొద్దు. స్టోరేజ్ మైగ్రేషన్ సర్వీస్ (మైక్రోసాఫ్ట్ మైగ్రేషన్ టూల్) వాడితే కటోవర్‌లో (చివరి మార్పిడిలో) పాత పేరు, ఐపీ రెండూ కొత్తదానికి అదే ఇస్తుంది, లోకల్ గ్రూపుల్నీ తెస్తుంది. పాత మెషీన్‌లో డేటా అలాగే ఉంటుంది. స్కానర్ సంగతి ఇప్పుడే తేల్చుకోండి: 2022లో ఎస్‌ఎంబీ 1 (ఫైల్ షేరింగ్ పాత ప్రోటోకాల్) డిఫాల్ట్‌గా ఉండదు. స్కాన్ నడుస్తుండగా పాత సర్వర్‌లో గెట్-ఎస్‌ఎంబీసెషన్ కొట్టి డయలెక్ట్ (ఎస్‌ఎంబీ వెర్షన్) చూడండి. 1.5 అని వస్తే అది ఎస్‌ఎంబీ 1 వాడుతోందన్నమాట, ఆ మెషీన్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయించాలి, కుదరకపోతే స్కాన్‌ని ఈమెయిల్‌కి మళ్లించాలి. దానికోసం కొత్త సర్వర్‌లో ఎస్‌ఎంబీ 1 మాత్రం ఆన్ చేయకండి.