మెక్‌టామినేని అమ్మేసింది మేనేజరా, అకౌంటెంటా?

ఎర్రచొక్కా

నిన్న రాత్రి మళ్లీ మెక్‌టామినే కాలియరి మీద కొట్టిన ఆ గోల్ చూశాను. 2025 మే 23, ఇటలీ లీగ్ సీరీ-ఆ ఆఖరి రౌండ్, గెలిస్తే నపోలీకి టైటిల్. కుడివైపు నుంచి క్రాస్ వచ్చింది, మనవాడు గాల్లోకి లేచి పక్కకి ఒరిగిపోయి కత్తెరలా కాలు విసిరాడు, అంతే. టైటిల్ వచ్చింది, ఆ సీజన్‌లో లీగ్‌కే బెస్ట్ ప్లేయర్ అవార్డు కూడా వచ్చింది. ఆ గోల్ ఇప్పటికి నలభైసార్లు చూసుంటాను, చూసిన ప్రతిసారీ కడుపు మండుతూనే ఉంది. ఐదేళ్ల వయసు నుంచి మా మాంచెస్టర్ యునైటెడ్‌లో పెరిగిన పిల్లాణ్ని 2024 ఆగస్టులో సుమారు 25 మిలియన్ పౌండ్లకి ఆ నపోలీకే ఇచ్చేశాం. అంతకి రెండేళ్ల ముందు ఇదే క్లబ్ ఆంటొనీ అనే ప్లేయర్ కోసం 95 మిలియన్ యూరోలు పోసింది.

దీని మీద నాకూ ఒక ఫ్రెండ్‌కీ మాటా మాటా పెరిగింది. అప్పటి మేనేజర్ టెన్ హాగ్‌కి వాణ్ని వాడుకోవడం చేతకాలేదు, అందుకే వదిలించుకున్నాడు అంటాడు వాడు. నాకది మింగుడు పడట్లేదు. 2023 అక్టోబర్‌లో బ్రెంట్‌ఫర్డ్ మ్యాచ్ గుర్తుందా, 90 నిమిషాలు దాటినా 1-0తో వెనకే ఉన్నాం, సబ్‌గా దిగి ఇంజురీ టైమ్‌లోనే రెండు కొట్టి గెలిపించాడు. వాణ్ని దింపింది టెన్ హాగే కదా, విలువ తెలియకపోవడమేంటి? పైగా సొంత అకాడమీ పిల్లల్ని అమ్ముకునేలా చేసే రూల్స్ బాలేవని అప్పట్లో ఆయనే అన్నాడు.

అకాడమీ వాణ్ని అమ్మితే 'ప్యూర్ ప్రాఫిట్' అంటారు కదా, అసలు ఆ గోలేంటో ఎవరైనా అర్థమయ్యేలా చెప్పండి. ఎవణ్ని ఉంచాలి, ఎవణ్ని అమ్మాలి అన్నది మేనేజర్ చేతిలో లేనప్పుడు, ఓడిన ప్రతిసారీ ఆయన్నే పీకడంలో అర్థం ఏముంది? లేక నేనే పాత ప్రేమతో గుడ్డిగా మాట్లాడుతున్నానా?

లెక్కల మాస్టారు

ప్రేమ సంగతి నీకే తెలియాలి గానీ, లెక్క మాత్రం చెప్తా.

ఒక ప్లేయర్‌ని 95 మిలియన్లకి కొని ఐదేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చారనుకో, క్యాష్ ఎప్పుడు కట్టినా సరే, లెక్కల పుస్తకంలో ఆ ఖర్చుని ఐదు ముక్కలు చేసి ఏడాదికి 19 చొప్పున రాస్తారు. ఆంటొనీ విషయంలో మూడేళ్లకి 57 పోయాయి, ఇంకా 38 పుస్తకంలో మిగిలే ఉంది. 2025లో బెటిస్‌కి అమ్మింది 22 మిలియన్లకి. అంటే చేతికి డబ్బొచ్చింది, పుస్తకంలో మాత్రం 16 నష్టం పడింది. అందుకే పనికిరాడని అందరికీ తెలిసిన ప్లేయర్‌ని కూడా క్లబ్బులు రెండు మూడేళ్లు బెంచీ మీద కూర్చోబెడతాయి. అమ్మితే నష్టం ఆ ఏడాదే ఒక్కసారిగా బయటపడుతుంది, ఉంచుకుంటే కొంచెం కొంచెంగా పోతుంది.

ఇప్పుడు మెక్‌టామినే. వాడు కొన్నవాడు కాదు, పుస్తకంలో వాడి ఖరీదు సున్నా. 25కి అమ్మితే 25కి 25 లాభమే, అదీ అమ్మిన ఏడాదిలోనే మొత్తం. అసలు మజా ఇక్కడుంది చూడు. వాడు వెళ్లింది 2024 ఆగస్టు 30. అదే రోజు ఉగార్తే అనే ప్లేయర్‌ని తెచ్చారు, ముందు ఇచ్చింది సుమారు 42 మిలియన్ పౌండ్లు. ఐదేళ్లకి పంచితే ఏడాదికి ఎనిమిది చిల్లర. 25కి ఒకణ్ని అమ్మి 42కి ఇంకొకణ్ని కొంటే మామూలు మనిషి లెక్కలో 17 లోటు. క్లబ్ లెక్కలో ఆ ఏడాదికి 16 మిగులు. జీతాలు అటుంచితే తప్పుడు లెక్క ఏమీ కాదు, రూలే అంత.

ఈ తిప్పలన్నీ దేనికంటే, 2025-26 సీజన్ దాకా ప్రీమియర్ లీగ్‌లో మూడేళ్లు కలిపి 105 మిలియన్లకి మించి నష్టం చూపించకూడదని రూల్. స్టేడియం, అకాడమీ, విమెన్స్ టీమ్ ఖర్చులు అందులోకి వచ్చేవి కావు. దాటితే లీగ్ పాయింట్లు పోయేవి. ఎవర్టన్‌కి 2023 నవంబర్‌లో ముందు 10 కోశారు, అప్పీల్‌కి వెళ్తే 6కి తగ్గించారు, అదే సీజన్‌లో ఇంకో 2 పోయాయి. అది చూశాక జూన్ 30 వస్తోందంటే అన్ని క్లబ్బులకీ జ్వరమే, లెక్కల సంవత్సరం చాలామందికి ఆ రోజుతో ముగుస్తుంది మరి. 2024 జూన్‌లో న్యూకాజిల్ తన సొంత కుర్రాడు ఎలియట్ ఆండర్సన్‌ని 35 మిలియన్లకి నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కి అమ్మేసి, అక్కణ్నుంచి 20కి ఒక గోల్‌కీపర్‌ని తెచ్చుకుంది. ఆ కీపర్ పెద్దగా ఆడిందే లేదు. ఆండర్సన్ 2025 సెప్టెంబర్‌కల్లా ఇంగ్లండ్ టీమ్‌లో ఉన్నాడు. నీ కడుపు మంట నీ ఒక్కడిదే కాదు బాబూ.

బ్రిడ్జి కాడి బ్లూ

మాస్టారూ, మా చెల్సీ పేరెత్తకుండా ఈ పాఠం పూర్తవ్వదు, నన్ను చెప్పనివ్వండి.

2023 జనవరిలో ఎంజో ఫెర్నాండెజ్‌ని 106.8 మిలియన్ పౌండ్లకి కొన్నాం, ఎనిమిదిన్నరేళ్ల కాంట్రాక్ట్. మీ పద్ధతిలోనే భాగించుకోండి, ఏడాదికి పన్నెండున్నర. అదే ఐదేళ్లయితే 21 దాటేది. అప్పుడు అందరూ నవ్వారు, ఆ తర్వాత యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఫా, ప్రీమియర్ లీగ్ రెండూ కాంట్రాక్ట్ ఎంత పొడవైనా ఐదేళ్లకే భాగించాలని రూల్ మార్చాయి. మా వాళ్ల తెలివికి అంతకంటే సర్టిఫికెట్ ఏం కావాలి! తర్వాత స్టేడియం పక్కనున్న రెండు హోటళ్లని 76.5 మిలియన్లకి మా గ్రూప్ కంపెనీకే అమ్ముకున్నారు. ఎడమ జేబులోంచి తీసి కుడి జేబులో పెట్టుకోవడం, ప్రీమియర్ లీగ్ సరే అంది. యూఫా మాత్రం అలాంటివి లెక్కలోకి తీసుకోదు, 2025లో 31 మిలియన్ యూరోలు ఫైన్ వేసింది.

కానీ మేమూ ఏడ్చాం బ్రో. మౌంట్‌ని మీకే అమ్మాం, గాలహర్‌ని అట్లెటికోకి అమ్మాం. గాలహర్ మా అకాడమీ వాడు, కొన్ని మ్యాచుల్లో కెప్టెన్ బ్యాండ్ కూడా వేసుకున్నాడు. బాగా ఆడితే ఉంచుతారని చిన్నప్పుడు అనుకునేవాళ్లం, ఇప్పుడు అకాడమీ పిల్లాడు బాగా ఆడితే రేటు పెరిగిందని అమ్ముతున్నారు.

అయినా 2025లో క్లబ్ వరల్డ్ కప్ ఫైనల్లో పీఎస్‌జీని 3-0 కొట్టాం, పామర్ రెండు వేశాడు. ఊరికే గుర్తుచేస్తున్నా.

మూడో సబ్

అందరూ పుస్తకాలే చదువుతున్నారు, గ్రౌండ్‌లో ఏం జరిగిందో ఎవరైనా చూశారా?

యునైటెడ్ 2024-25లో 15వ స్థానం, 42 పాయింట్లు. అది అకౌంటెంట్ చేసిన పని కాదు. మేనేజర్లని పాపం అంటున్నారు కదా, టెన్ హాగ్ తర్వాత వచ్చిన అమోరిమ్‌ని చూడండి. 3-4-2-1 ఫార్మేషన్ తప్ప ఇంకోటి ఆడనన్నాడు, పోప్ వచ్చి చెప్పినా మార్చనన్నాడు. అంచుల్లో పైకీ కిందికీ పరిగెత్తే వింగ్-బ్యాక్‌లు లేని స్క్వాడ్‌తో వింగ్-బ్యాక్‌ల సిస్టమ్! టీమ్‌లో ఆఖరి పాస్ ఇవ్వగలిగిన ఒకే ఒక్కడు బ్రూనో, వాణ్ని చాలా మ్యాచుల్లో మిడ్‌ఫీల్డ్‌లో ఇద్దరిలో ఒకడిగా వెనక్కి లాగి నిలబెట్టాడు, వాడు సెంటర్-బ్యాక్‌ల దగ్గర బాల్ తీసుకుని తల ఎత్తి చూస్తే ముందు పాస్ అందుకునేవాడే కనపడడు, ఎందుకంటే ఆ ముందుండాల్సింది తనే. ఇది బడ్జెట్ సమస్యా? కాదు, మొండితనం.

అలాగని ప్లేయర్లనీ వదలను. 2025లో బిల్బావోలో టాటెన్‌హామ్‌తో యూరోపా లీగ్ ఫైనల్ తీసుకోండి. 42వ నిమిషంలో క్రాస్ వచ్చింది, బాక్స్‌లో బాల్ ల్యూక్ షా ఒంటికి తగిలింది, బ్రెనన్ జాన్సన్ సరిగ్గా తన్నాడో లేదో కూడా చెప్పలేం, దొర్లుకుంటూ వెళ్లి లోపల పడింది. అంత చెత్త గోల్‌కి ట్రోఫీ పోయింది. సెకండాఫ్‌లో హోయ్‌లుండ్ హెడర్ ఖాళీ గోల్‌లోకి వెళ్తుంటే వాన్ డి వెన్ వెనక్కి ఎగిరి గీత మీంచి తన్నేశాడు. ఒక టీమ్‌లో వాడు ప్రాణం పెట్టాడు, ఇంకో టీమ్‌లో పదకొండు మంది బాల్ ఎవరు తీస్తారా అని ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. గెలిస్తే ఛాంపియన్స్ లీగ్‌లో చోటు దొరికేది, ఆ ఒక్క రాత్రితో దాని డబ్బు పోయింది, అంటే లెక్కలు పాడైంది కూడా ఆటలోనే.

లెక్కల మాస్టారు

@మూడో సబ్ ఒప్పుకుంటా. కానీ ఆ గోల్ కొట్టిన బ్రెనన్ జాన్సన్ ఎక్కణ్నుంచి వచ్చాడో చెప్పకుండా వదిలేశావు! ఫారెస్ట్ అకాడమీ కుర్రాడు. 2023లో జూన్ 30 లోపల అమ్మితే తక్కువ రేటు వచ్చేదని ఆగి, సెప్టెంబర్ 1న టాటెన్‌హామ్‌కి 47.5 మిలియన్లకి అమ్మారు. రేటు బాగానే పలికింది, గడువు దాటింది. ఆగడం వల్లే ఎక్కువ వచ్చింది కదా, క్లబ్‌కి మంచిదే కదా అని వాదించారు, కమిషన్ వినలేదు, 4 పాయింట్లు కోసింది. అంటే నష్టాలు తగ్గించుకోండని పెట్టిన రూల్, రెండు నెలలు ఆగి ఎక్కువకి అమ్మినవాణ్ని శిక్షించింది. నా మట్టుకు నాకు ఆ తీర్పు చట్టం ప్రకారం కరెక్టే, బుర్ర ప్రకారం కాదు.

ఇంకో మాట, మేనేజర్ల గురించి. ఆ కప్పు గెలిచిన టాటెన్‌హామ్ మేనేజర్ పోస్టెకోగ్లూని పదహారు రోజులకే తీసేశారు, లీగ్‌లో 17వ స్థానం అని. గెలిచినా ఉద్యోగం ఉండదు, ఓడినా ఉండదు.

పాత టికెట్

మీరందరూ కుర్రాళ్లలా ఉన్నారు, ఒక్క పేరూ రాలేదు ఇంతసేపూ. గ్లేజర్స్.

2005లో 790 మిలియన్లకి క్లబ్ కొన్నారు. చాలావరకు అప్పు చేసి కొన్నారు, ఆ అప్పుని తెచ్చి క్లబ్ నెత్తినే పెట్టారు. ఇల్లు కొనుక్కుని వాయిదాలు ఆ ఇంటివాళ్ల చేత కట్టించినట్టు. ఫెర్గూసన్ మేనేజర్‌గా ఉన్నన్నాళ్లూ గెలుస్తూ పోయాం కాబట్టి చిరుగు కనపడలేదు. తర్వాత రాట్‌క్లిఫ్ వచ్చాడు, 27.7 శాతం వాటాతో ఫుట్‌బాల్ వ్యవహారం తన చేతిలోకి తీసుకున్నాడు, పొదుపు పొదుపు అని రెండు విడతల్లో సుమారు 450 ఉద్యోగాలు తీసేశాడు, స్టాఫ్ ఫ్రీ భోజనం ఆపేశాడు, సీజన్ మధ్యలో టికెట్ 66 పౌండ్లు చేశాడు, పిల్లలకీ పెద్దవాళ్లకీ రాయితీ లేకుండా.

బాగుంది, పొదుపు చెయ్యి. అదే మనిషి 2024 మేలో ఎఫ్ఏ కప్ గెలిచాక టెన్ హాగ్‌ని ఉంచాలా వద్దా అని వారాలు నాన్చి, వేరే కోచ్‌లతో మాట్లాడి, చివరికి జూలైలో కాంట్రాక్ట్ పొడిగించి, ఆయనకి కావాల్సినవాళ్లని కొనిచ్చి, అక్టోబర్ 28న తీసేశాడు. ఏరి కోరి తెచ్చుకున్న స్పోర్టింగ్ డైరెక్టర్ ఆష్‌వర్త్ ఐదు నెలలు ఉన్నాడు. ఈ ఇద్దర్నీ పంపెయ్యడానికి కలిపి క్లబ్ లెక్కల్లో పడ్డ ఖర్చు 14.5 మిలియన్ పౌండ్లు. అమోరిమ్‌ని పోర్చుగల్ క్లబ్ స్పోర్టింగ్ నుంచి విడిపించడానికి ఇంకో 11 మిలియన్ యూరోలు. ఆయన్నీ 2026 జనవరిలో పంపేశారు, ఆ బిల్లు వేరు.

ఎర్రచొక్కా, నీ 25 మిలియన్లు గుర్తున్నాయా? కలిపి చూసుకో. ఐదేళ్ల వయసు నుంచి పెంచిన పిల్లాణ్ని అమ్మిన డబ్బు ఎటు పోయిందో నేను చెప్పక్కర్లేదు.

ఎర్రచొక్కా

14.5కి ఆ 11 యూరోలు పౌండ్లలోకి మార్చి కలిపితే దాదాపు 24. ఇది చూడకుండా ఉంటే బాగుండేది.

మా ఫ్రెండ్‌కి ఈ లెక్క పంపాను. "అయితే టెన్ హాగ్ తప్పు లేదంటావా" అని అడిగాడు. ఆంటొనీని అడిగి తెప్పించుకుంది ఆయనే కదా, అది లేదని ఎలా అంటాను. అయాక్స్‌లో తన దగ్గర ఆడినవాడు, ఆ రేటు దగ్గర వద్దని చెప్పాల్సినవాడు క్లబ్‌లో ఒక్కడూ లేకపోయాడు. బెటిస్ వెళ్లాక అదే ఎడమకాలు, అదే లోపలికి కోసుకు రావడం, అక్కడ పనిచేసింది, కాన్ఫరెన్స్ లీగ్ ఫైనల్ దాకా వెళ్లారు.

బ్రిడ్జి కాడి బ్లూ

ఆ ఫైనల్లో వాళ్లని 4-1 కొట్టింది ఎవరో చెప్పనా :)

అన్నట్టు గార్నాచోని మాకు 40 మిలియన్లకి అమ్మారు కదా, చిన్నప్పుడు మీకు దాదాపు ఊరికే వచ్చినవాడే. మాస్టారి లెక్కలో అదీ ఇంచుమించు ప్యూర్ ప్రాఫిట్టేగా?

ఎర్రచొక్కా

అవును, లాభమే. సంబరం చేసుకుంటున్నాం ఇక్కడ.

మా అకాడమీ కుర్రాడు మైనూ పేరు మాత్రం ఎవరూ ఎత్తకండి, దండం పెడతా.