పాపప్ ఒక్క ధరల పేజీలోనే రావాలంటే ట్రిగ్గర్ ఎలా పెట్టాలి?

గూగుల్ ట్యాగ్ మేనేజర్ (సైటులో ఏ కోడ్ ఎప్పుడు నడవాలో ట్రిగ్గర్లతో చెప్పే సాధనం) బాగా వాడేవాళ్లు కాస్త చూసి చెప్పండి. పాపప్ /ప్రైసింగ్ పేజీకి వచ్చినవాళ్లకే కనిపించాలి. పేజ్ యూఆర్ఎల్ ‘కంటెయిన్స్’ పెడితే /బ్లాగ్/ప్రైసింగ్-టిప్స్‌లోనూ దూరుతోంది. ‘ఈక్వల్స్’ పెడితే ప్రచార లింకుల మీద వచ్చినవాళ్లకి అసలు రావట్లేదు, అడ్రసు చివర ?యూటీఎం_సోర్స్ తోక ఉంటుంది కదా.

అందుకే పేజ్ పాత్ (అడ్రసులో డొమైన్ తర్వాతి భాగం) మీద రెజెక్స్ (అక్షరాల నమూనా) పెట్టాను: ^/ప్రైసింగ్/?$ (అసలు రూల్లో ఇంగ్లిష్ అక్షరాలే). పేజ్ పాత్‌లో ఆ తోక రాదు. ^ (మొదలు), $ (చివర) లేకపోతే మధ్యలో ఎక్కడ పోలినా సరే అనేస్తుంది. చివరి /? స్లాష్ ఉన్నా లేకున్నా పట్టడానికి.

అసలు చిక్కు ఇక్కడ. సైటు రియాక్ట్‌లో (జావాస్క్రిప్ట్ లైబ్రరీ) ఉంది. మెనూ నొక్కి ధరల పేజీకి వెళ్తే పాపప్ రాదు, రిఫ్రెష్ కొడితే వస్తుంది. పేజీ మళ్లీ లోడ్ కాదు కాబట్టి పేజ్ వ్యూ ట్రిగ్గర్ కదలదు. హిస్టరీ చేంజ్ ట్రిగ్గర్‌కి (లోడ్ లేకుండా అడ్రసు మారినా కదిలేది) అదే షరతు తగిలిస్తే ఒక్క క్లిక్కుకి రెండుసార్లు ఫైర్ అవుతోంది. ప్రివ్యూలో చూస్తే పుష్‌స్టేట్ (బ్రౌజర్ హిస్టరీలో కొత్త ఎంట్రీ చేర్చేది) వెనకాలే రీప్లేస్‌స్టేట్ (ఉన్న ఎంట్రీనే మార్చేది) పడుతోంది. ‘వన్స్ పర్ పేజ్’ పెడితే రిఫ్రెష్ దాకా మళ్లీ రాదు, అదీ పనికిరాదు.

హిస్టరీ సోర్స్ వేరియబుల్‌తో (ఆ మార్పు దేనివల్ల వచ్చిందో చెప్పేది) రీప్లేస్‌స్టేట్‌ని మాత్రం తీసేస్తే చాలా? లేక రౌటర్ (సైటులో పేజీలు మార్చే కోడ్) నుంచే డేటాలేయర్‌కి (ట్యాగ్ మేనేజర్ సమాచారం తీసుకునే చోటు) సొంత ఈవెంట్ పంపడం మేలా? బ్యాక్ బటన్‌తో వచ్చేవాళ్లూ తప్పిపోకూడదు.