“కుక్క బిడ్డా, పండుకో” అన్న నాయిన: నవల ఆఖరుకు బిడ్డ నోరు విప్పాలెనా?

చెరువుకట్ట:
ఇంటర్, డిగ్రీ పిల్లల కోసం రాస్తున్న నవల ముప్పావు వంతు అయింది. మీలో నలుగురైదుగురు చదివిన్రు. చదవనోళ్లకు కథ ఇది. 2014 మేడారం జాతర. నాయిన డీసీఎం వ్యాను నడుపుతడు. తిరిగొస్తుంటే మల్లంపల్లి దాటినంక, నడిరాత్రి, బండికి ఏదో తగుల్తది. క్యాబిన్ల పండుకున్న తొమ్మిదేండ్ల బిడ్డ లేచి “ఏంది నాయినా” అంటే, “కుక్క బిడ్డా, పండుకో” అంటడు. పదేండ్లకు ఆ బిడ్డ హన్మకొండల డిగ్రీ చదువుకుంట ఒక పిలగాన్ని ఇష్టపడ్తది. వాని నాయినను అదే జాతరప్పుడు ఏదో బండి గుద్ది ఆగకుండ పోయింది. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుండం కాడ పిలగాని తల్లి మాటల సందున రోడ్డు, రాత్రి బయటపడ్తయి. పిల్లకు సమజైతది. ఇగ ఆమె చెప్పాలెనా, వద్దా? నేనైతే చెప్పకుండనే వాణ్ని విడిచిపెట్టి హైదరాబాద్ బస్సెక్కేటట్టు రాసుకున్న.

మిర్చియార్డు:
అన్నా, ముందుగాల రోడ్డు సరిచెయ్యి. జాతరకు వన్‌వే పెడతరు. మన దిక్కు ప్రైవేటు బండ్లు ములుగు, పస్రా మీదికెల్లి పోతయి, వచ్చేటప్పుడు భూపాలపల్లి, పరకాల మీదికెల్లి వస్తయి. మల్లంపల్లి కాడ ఎట్ల గుద్దుతడు? రేగొండ కాడ పెట్టుకో. ఓరుగల్లోడు చదివితే అక్కడనే పుస్తకం మూస్తడు.

కాజీపేట ప్యాసింజర్:
చెప్పొద్దు. తొమ్మిదేండ్ల పోరి ఏం చేసిందని శిక్ష? నాయిన జైలుకు పోతడు, ఇంటి మీద ఫైనాన్సోళ్లు పడ్తరు. పోయినాయన తిరిగొస్తడా? ప్రేమించినోళ్లకు అన్నీ చెప్పాలన్నది పుస్తకాల ముచ్చట. మా ఇంట్ల ముప్పయేండ్లుగా ఒక మాట ఎవ్వరు ఎత్తరు. ఇల్లు నిలబడ్డది.

సద్దిమూట:
ప్యాసింజర్ అన్నా, నాయిన పాపం పిల్లది కాదు, ఒప్పుకుంట. కానీ గుండం కాడ తెలిసినంక ఆమె ఏం చేసింది? దసరాకు వాళ్లింటికి పోయి జమ్మి చేతుల పెట్టి తల్లి కాళ్లు మొక్కింది. ఆమె దగ్గరికి తీసుకొని “బంగారం అసొంటి పిల్ల” అన్నది. మటన్, గారెలు తినిపించింది. దీపావళి దాకా ప్రతి ఆదివారం ఆ ఇంట్ల కూసొని తిన్నది. 2014ల జరిగింది నాయిన ఖాతా. దసరా నుంచి దీపావళి దాకా నడిచింది మాత్రం ఆమె సొంత ఖాతా. అందుకే బస్సెక్కించుడు నాకు నచ్చలె. అదీ నాయిన చేసిందే కదా. ఆయన డీసీఎం ఆపలె, ఈమె బస్సు ఎక్కింది.

కోర్టు గేటు చాయ్:
నవల సంగతి మీరు తేల్చుకోండి, నేను ఒక్క తప్పు చెప్తాను. పదకొండో అధ్యాయంలో తండ్రి “మూడేండ్లు దాటితే కేసు నిలవదు” అంటాడు. సగమే నిజం. ఘటన 2014ది కాబట్టి పాత ఐపీసీ 304ఎ (నిర్లక్ష్యంతో ఒకరి చావుకు కారణమవడం), గరిష్ఠంగా 2 ఏళ్ల జైలు. అలాంటి నేరాలకు మూడేళ్ల గడువున్న మాట వాస్తవమే. అయితే నేరం చేసిందెవరో తెలియనప్పుడు ఆ గడువు ఘటన రోజు నుంచి మొదలు కాదు. బాధితుడికో, దర్యాప్తు చేసే పోలీసుకో ఆ మనిషెవరో తెలిసిన రోజు నుంచి మొదలవుతుంది. పాత సీఆర్‌పీసీ 469 అదే చెప్తుంది. అంటే ఆ అమ్మాయి నోరు విప్పిన రోజే గడియారం మొదలు. “ఎట్లాగూ కేసు లేదు, చెప్తే ఏం పోతది” అనే సదుపాయం ఆమెకు లేదు. కథకు ఇదే మంచిదనుకుంటాను.

ఇంకోటి. అప్పట్లో గుద్దిన బండి ఏదో తెలియకపోతే చావుకు వచ్చే పరిహారం 25,000 రూపాయలే (2022 ఏప్రిల్ 1 నుంచి 2 లక్షలు చేశారు). బండి నంబరు తెలిసుంటే థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు మీద ట్రిబ్యునల్‌కు పోయి, చనిపోయినాయన వయసు, సంపాదన లెక్కగట్టించుకొని అంతకు ఎన్నో రెట్లు అడగొచ్చు. డీసీఎంకు ఇన్సూరెన్సు ఉన్నదని మీరే రెండో అధ్యాయంలో రాశారు. ఆగి ఉంటే కట్టాల్సింది ఆయన జేబులోంచి కాదు.

కాజీపేట ప్యాసింజర్:
ఇది నాకు తెల్వదు. పిలగాని తల్లి పదేండ్లు బీడీలు చుట్టిందని రాసినవు కదా... సరే, నాయిన మీద నాకున్న జాలి జర తగ్గింది. అయినా చెప్తే నాయిన నోటితోనే చెప్పియ్యాలె. బిడ్డ పోయి నాయినను అప్పజెప్పుడు నేను చదవలేను.

సద్దిమూట:
ఆయన చెప్తడా? పదేండ్లల ఒక్కసారి ఆ రోడ్డు మీద పోలె, కుక్క అరిస్తే టీవీ సౌండ్ పెంచుతడు. (ఆ సీను మాత్రం మస్తు రాసినవు అన్నా.)

డిగ్రీ సెకండియర్:
అందరు పెద్దోళ్లు మాట్లాడుతున్నరు, తప్పైతే ఏమనుకోకున్రి. మూడో అధ్యాయంల, ఇంకా ఏమీ తెల్వకముందు, వడ్డేపల్లి చెరువు కట్ట మీద ఆమె వానికి ఆ కుక్క ముచ్చట చెప్పింది కదా? కుక్కలంటే ఎందుకు ఏడుపొస్తదో చెప్పుకుంట. వాడు నవ్విండు. తర్వాత “ఏ రోడ్డు మీద?” అని అడిగిండు. ఆమె చెప్పింది. ఆ పేజీ నుంచి వాడు ఒక్కసారి గూడ ఆమె చెయ్యి తనంతట తాను పట్టుకోలె. నేను వెనుకకు పోయి చూసిన. వానికి తెలుసన్నా. అన్నీ తెలిసే దసరాకు వాళ్లమ్మ దగ్గరికి పిలిచిండు.

మిర్చియార్డు:
ఓయమ్మ.

కోర్టు గేటు చాయ్:
అయితే గడువు చెరువు కట్ట నుంచే మొదలైందా, అనుమానం తెలుసుడు కిందికి వస్తుందా అని రెండు వాయిదాలు వాదించొచ్చు.

చెరువుకట్ట:
తమ్మీ, “ఏ రోడ్డు మీద” అని నేను ఊరికెనే రాసిన, ఆ పేరాల మాటలు తక్కువ పడ్డయని. చెయ్యి పట్టుకోని సంగతైతే నాకే తెల్వదు. బస్సు అధ్యాయం తీసేస్తున్న. దసరా సీను వాని దిక్కు నుంచి మళ్ల రాయాలె. రోడ్డు గూడ రేగొండకు మారుస్త.